ఇరవై ఆరుగురికి ఒక వేలిముద్ర

ఆదివారం పొద్దున బసమ్మకూ కోడలు పార్వతమ్మకూ జల్లెడ మీద మాటామాటా వచ్చింది. జొన్నపిండి జల్లించిన తర్వాత పార్వతమ్మ జల్లెడను భర్త నరసప్ప చొక్కా తగిలించే మేకుకు వేలాడదీసింది. జల్లెడ మేకు పొయ్యి పక్కన ఉండేది. అది ఊడిపోయి నాలుగు రోజులైంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"మొగోని చొక్కా మేకుకు జల్లెడ తగిలిస్తారా ఏమ్మే? మీ ఎమ్మిగనూరులో ఇంతేనా?" అన్నది బసమ్మ.

"మీదీ ఎమ్మిగనూరే కదత్తా. మగ్గం అమ్ముకోని ఈడికొచ్చి ఆరేండ్లు కాలేదు, అప్పుడే అది నా ఒక్కదాని ఊరైపాయనా?"

మగ్గం మాట బసమ్మకు తగలవలసిన చోటే తగిలింది. పిండి చెయ్యి కడుక్కోకుండానే వచ్చి జల్లెడను ఒక్క గుంజు గుంజింది. దాని కింద ఉన్న చొక్కా కూడా ఊడి నేలమీద పడింది. బట్ట పడిన చప్పుడు కాదది. ఇనుము పడిన చప్పుడు.

పార్వతమ్మ వంగి చొక్కా ఎత్తింది. జేబులోంచి జారిన తాళంచెవి ఆమె కాలి దగ్గర పడి ఉంది. అరచేయంత పొడవు. దానికి పురికొసతో ఒక ఇత్తడి బిళ్ల కట్టి ఉంది. బిళ్ల మీద 3 అంకె.

ఆదోనిలో భార్యాభర్తలిద్దరూ పని చేసే ఆ పత్తి గింజ తీసే మిల్లులో మూడు హాళ్లు. మూడో హాలు ఆడవాళ్లది, పార్వతమ్మ పని అక్కడే. పొద్దున వాళ్లు లోపలికి పోగానే బయట గడియ పెట్టి తాళం వేస్తారు. పత్తి కొంగుల్లో కట్టుకొని పోతారని సావుకారు భయం. పదిహేను రోజుల కిందట గింజ తీసే జిన్ను రోలరులో రాయి పడి నిప్పు రవ్వ లేచి, హాలంతా తేలుతున్న దూది నుసికి అంటుకుంది. ఇరవై ఆరుగురు ఆడవాళ్లు తలుపు బాదినారు. తలుపు తెరుచుకునేసరికి మంటను తడిగోనెలతో కొట్టి ఆర్పిన భీమమ్మ కుడిచెయ్యి మణికట్టుదాకా కాలింది. తెరిచినవాడు నరసప్ప. ఆ మిల్లులో ఫిట్టరు. వాచ్‌మన్ రంగప్ప దగ్గర తాళంచెవి లాక్కొని వచ్చి తెరిచినాడని అందరూ అనుకున్నారు. భీమమ్మ తల్లి ఆ వారమే ఉరుకుంద ఈరన్నకు కొట్టిన టెంకాయలో సగం చెక్క అతనికి పంపింది. రంగప్ప వీధిలో కనబడితే ఆడవాళ్లు మొహం మీదే ఉమ్మినంత పని చేస్తున్నారు.

పార్వతమ్మ తాళంచెవిని చూసింది. మళ్లీ చొక్కా జేబులో పెట్టి, చొక్కాను ఆ మేకుకే తగిలించింది. బసమ్మ జల్లెడ పట్టుకొని అక్కడే నిలబడి ఉంది. ఆమె కూడా చూసింది. జల్లెడ గురించి ఇద్దరూ మరి మాట్లాడలేదు.

నరసప్ప మంగలి దగ్గరికి పోయి ఉన్నాడు. అతను వచ్చేలోపల పార్వతమ్మ రొట్టెలు చేసింది. చేతులు పని చేస్తున్నాయి, మనసు మాత్రం ముత్తమ్మ కాగితం చుట్టూ తిరుగుతోంది.

నిప్పు ఆరిన మూడో రోజున ముత్తమ్మ సావుకారుకు అర్జీ ఇచ్చింది. ఆడవాళ్ల గుంపుకు ఆమె పెద్ద. తలుపుకు బయట గడియ పెట్టవద్దు, అంతే ఆ అర్జీ. మిషన్ బడిలో పాఠాలు చెప్పే జయరాజు రాసిపెట్టినాడు. ఇరవై ఆరుగురూ చుట్టూ కూర్చుని విన్నారు, సరే అన్నారు. ముత్తమ్మ ఒక్కతే వేలిముద్ర వేసింది. అది ఎవరికీ తప్పనిపించలేదు. రోజూ పొద్దున హాజరు పుస్తకంలో 'ముత్తమ్మ గుంపు, ఇరవై ఆరు' అని రాసి ఆమెతోనే ముద్ర వేయించుకుంటారు. మిల్లు పుస్తకంలో ఆమె బొటనవేలు ఇరవై ఆరుగురితో సమానం. అర్జీలోనూ అంతే అనుకున్నారు.

సావుకారు అర్జీ చదివించుకొని, గొణిగే ముసలిది ఒక్కతే కదా అని ఆ సాయంత్రమే ముత్తమ్మను పనికి రావద్దన్నాడు. జయరాజు లేబర్ ఆఫీసరుకు రాసినాడు. రెండేండ్ల కిందటిదాకా ఇట్లాంటి కాగితాలు బళ్లారి పోయేవి, ఇప్పుడు కర్నూలు పోతున్నాయి. పోయిన బుధవారం జవాబు వచ్చింది. ఇది ఒక కార్మికురాలికీ యజమానికీ మధ్య ఉన్న విషయం, తక్కిన కార్మికులు తమ తగాదాగా ఎత్తుకుంటే తప్ప చట్టం దీనిలోకి రాదు అని. సోమవారం పది గంటలకు ఆఫీసరు ఆదోని ముసాఫరు బంగళాకు వస్తాడు. అప్పటికి తగినంతమంది సంతకాలు పెట్టిన కాగితం చేతికిస్తే తీసుకుంటాడు. తీసుకొని మాటలు మొదలుపెడితే, అవి ముగిసేదాకా ఆ తగాదాలో ఉన్న ఎవరినీ ఆఫీసరు అనుమతి లేకుండా పనిలోంచి తీసెయ్యడానికి వీల్లేదు.

జయరాజు ఇది నాలుగు సార్లు చెప్పినాడు. కాగితం ఆఫీసరు చేతికి పోయేదాకా అది ఉత్త కాగితం అని కూడా చెప్పినాడు.

ఇవన్నీ పార్వతమ్మకు కొత్త కాదు. ఆమె తండ్రి సిద్ధప్ప ఎమ్మిగనూరు నేతగాళ్ల సంఘంలో సభ్యుడు. సంఘం సభ అయినప్పుడల్లా పుస్తకంలో ఎవరి సంతకం వాళ్లే పెట్టాలి. సొంత తమ్ముడు తన బదులు పెడతానన్నా సిద్ధప్ప ఒప్పుకునేవాడు కాదు. కూతురికి పేరు రాయడం మగ్గం గుంట పక్కన గోడమీద బొగ్గుతో ఆయనే నేర్పినాడు. ముత్తమ్మ ఒక్కతే ముద్ర వేస్తుంటే అందరూ వేయాలని చెప్పవలసింది పార్వతమ్మ. నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. తన పేరు ఆ కాగితం మీద పడనందుకు ఆ క్షణాన లోపల హాయిగా అనిపించింది. ఆ హాయి గురించి ఆమె ఎవరితోనూ అనలేదు.

ఇప్పటికి కొత్త కాగితం మీద పదకొండు ముద్రలు పడినాయి. సగానికి మించితే మంచిదని జయరాజు అన్నాడు. మిగిలినవాళ్లు పార్వతమ్మ వైపు చూస్తున్నారు. ఫిట్టరు పెండ్లామే వేయనప్పుడు మేమెట్ల వేసేది అని. ఇంట్లో ఒక మాట అడిగి వేస్తానని ఆమె మూడు రోజులుగా చెబుతోంది. అడగలేదు.

నరసప్ప వచ్చినాడు. నున్నగా గీసిన గడ్డం, భుజం మీద తడి తువ్వాలు. పెరట్లో బండ మీద కూర్చుని కాళ్లమీద నీళ్లు పోసుకుంటుంటే పార్వతమ్మ వెళ్లి ఎదురుగా నిలబడింది.

"మూడో హాలు తాళంచెవి నీ జేబులో ఎందుకుంది?"

తాళం తుప్పు పట్టింది, నూనె వెయ్యడానికి తెచ్చినానన్నాడు. ఆమె అక్కడే నిలబడింది. చెంబులో నీళ్లు అయిపోయినా అతను చెంబును వంచి పట్టుకునే ఉన్నాడు. ఆ తర్వాత అసలు సంగతి చెప్పినాడు. దసరా పోయిన వారం ఒక బాలింత బిడ్డ గేటు దగ్గర ఏడుస్తుంటే, పాలివ్వడానికి రంగప్ప తలుపు తెరిచినాడు. సావుకారు మేడమీది నుంచి చూసి రంగప్ప దగ్గర తాళంచెవి తీసుకొని నరసప్పకు ఇచ్చినాడు. పొద్దున తాళం వేసేదీ సాయంత్రం తీసేదీ రంగప్పే, వెంటనే తాళంచెవి మళ్లీ నరసప్ప చేతికి వస్తుంది. నువ్వు నమ్మకస్తుడివి అన్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు, ఇంత సిగ్గులోనూ, నరసప్ప గొంతులో ఒక చిన్న గర్వం పలికింది. పార్వతమ్మ అది విన్నది.

"అయితే మేం రంగప్పను తిట్టిన తిట్లన్నీ నీవే."

"వాడు ఏం మాట్లాడలే."

"నువ్వూ మాట్లాడలే. టెంకాయ చెక్క మాత్రం తింటివి."

ఆమె ఇంకా ఒక్కటే అడగవలసి ఉంది. మంట వచ్చిన రోజు ఆమె జిన్ను దగ్గర కాదు, తలుపు దగ్గరే ఉంది. రెండు అరచేతులతో తలుపు బాదుతూ అరిచింది ఆమె. అరిచీ అరిచీ గొంతు పోయి రెండు రోజులు మాట రాలేదు.

"మంటొచ్చిన దినం ముందు తలుపుకాడికొచ్చినావా, మేడ మెట్లెక్కినావా?"

నరసప్ప చెంబు కింద పెట్టినాడు. ఇంజను గదిలో ఉన్నాననీ, కేకలు విని తలుపుదాకా పరుగెత్తి వచ్చినాననీ, తాళంచెవి చేతిలోనే ఉందనీ చెప్పినాడు. తన మాట లేకుండా తలుపు తీస్తే నీవూ గేటు బయటేనని సావుకారు ఇంతకు ముందే చెప్పి ఉన్నాడు. పోయిన వానకాలంలో హాల్లోకి పాము వచ్చిందని అరిస్తే తెరిచినందుకు రంగప్పను నలుగురి ముందు నిలబెట్టి అడిగినాడు. అందుకని మాట తెచ్చుకోవడానికి మేడెక్కినాడు. సావుకారు పూజలో ఉన్నాడు, లేచి మాట ఇచ్చేదాకా ఇతను గుమ్మంలోనే నిలబడినాడు.

"తలుపుకాడికి వస్తివి గదా. నా గొంతు వినపడినాదా?"

నరసప్ప అబద్ధం చెప్పి ఉండవచ్చు. పార్వతమ్మ అబద్ధం కోసమే చూసిందేమో కూడా. అతను తల వంచుకుని, "వినపడినాది," అన్నాడు.

వెనక వాకిలి దగ్గర బసమ్మ నిలబడి ఉంది. కొడుకు ఎంత కష్టంలో ఉన్నాడో అప్పుడే చూసినట్టు గబగబా మాట అందుకుంది.

"వాని పని అట్లాంటిదమ్మా. సావుకారు మాట లేకుండా తెరిస్తే కొలువు ఉంటాదా? మేం చేసినప్పుడు గూడా గడియ పెట్టేవాళ్లు. మేమేమన్నా సచ్చినామా?"

"లేదత్తా. దగ్గుతా ఇంట్లో కూసున్నారు."

పార్వతమ్మ కొంగు సర్దుకొని వీధిలోకి నడిచింది.

ముత్తమ్మ ఇల్లు రెండు వీధుల అవతల. అరుగు మీద జయరాజు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. చుట్టూ ఏడెనిమిది మంది ఆడవాళ్లు. భీమమ్మ గుడ్డ కట్టిన కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడమ బొటనవేలికి అంటిన సిరా గోడకు తుడుచుకుంటోంది. కుడిచేతి వేలే చెల్లుతుందని ఎవరో అంటే, కాలిందానికి రేఖలు యాడుంటాయమ్మా అని నవ్వుతోంది. పార్వతమ్మను చూసి ఆమె నవ్వు ఆపి పక్కకు జరిగింది. ఫిట్టరు పెండ్లానికి జాగా ఇచ్చింది. తమ ప్రాణాలు కాపాడినవాడి భార్య అన్నట్టు ముత్తమ్మ లేచి చాప దులిపింది.

ఆ మర్యాద పార్వతమ్మకు చెంపదెబ్బ కంటే ఎక్కువ నొప్పి పెట్టింది.

ఆమె కూర్చుని కలం అడిగింది. వేలు కాదు, కలం. జయరాజు చూపిన చోట తన పేరు రాసింది. సిద్ధప్ప కూతురు అని రాయబోయి ఆగి, నరసప్ప భార్య అనే రాసింది. ఆఫీసరు చేతికి పోయేదాకా ఎక్కడా మాట పొక్కకూడదని జయరాజు మళ్లీ చెప్పినాడు. రేపు గేటు దగ్గర ఆపేస్తే, ఆ తర్వాత ఆఫీసరు ముందు నిలబడేది మిల్లువాళ్లు కాదు, మిల్లు వెళ్లగొట్టినవాళ్లు. వాళ్ల తరఫున మాట్లాడటానికి లోపల ఎవరూ మిగలరు.

ఆమె రాయడం చూసిన తర్వాత తక్కినవాళ్లు ఒక్కొక్కరే ముందుకు వచ్చినారు. ఆమె లేచేసరికి కాగితం మీద పద్దెనిమిది పేర్లున్నాయి.

వెళ్లేటప్పుడు ముత్తమ్మను పక్కకు పిలిచింది. "రంగప్పను ఏం అనొద్దని అందరికీ సెప్పక్కా. తాళం వాని దగ్గర లేదు."

"మరి ఎవరి దగ్గరుందే?"

"రేపు ఆఫీసరు ముందర సెప్తా. ముందు ఇంట్లో సెప్పాల."

ముత్తమ్మ ఆమె మొహంలోకి చూసింది. ఇంట్లో అన్న మాటతోనే ఆమెకు అర్థమైపోయింది. చాప చుట్టి గోడకు ఆనించి, చాలాసేపు దాని మీదే చెయ్యి పెట్టుకుని నిలబడింది.

మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. రొట్టె, వంకాయ పులుసు, చెనిగ్గింజల చట్నీ. ఆదివారమని బసమ్మ కొర్రన్నం కూడా వండింది. మామూలుగా కొడుకు తిన్న తర్వాత కోడలు కూర్చుంటుంది. ఆ రోజు పార్వతమ్మ తన పళ్లెం తెచ్చుకుని అతనికి ఎదురుగా కూర్చుంది. బసమ్మ చూసి ఆమె పళ్లెంలోనూ రొట్టె వేసింది.

మొదటి రొట్టె అయినాక నరసప్ప పులుసు బాగుందన్నాడు. వండింది బసమ్మ. ఆమె మరో గరిటె పోసింది.

"నేను కాగితం మీద పేరు రాసొచ్చినా," అన్నది పార్వతమ్మ. గొంతు పెంచలేదు, చట్నీ అందుకుంటూ చెప్పింది. "రేపు పదిగంటలకు ఆఫీసరు ముందర ముత్తమ్మక్క బదులు నేనే మాట్లాడేది. తాళం ఎవరి దగ్గరుండెనో అడుగుతాడు. సెప్తాను."

బసమ్మ గరిటె పులుసులో వదిలేసింది. "తినేటప్పుడు ఏం మాటలివి? ఎవరి పేరు సెప్తావు? కట్టుకున్నోని పేరా?"

"ఆ కాగితంలో ఆయన పేరుకు రెండు తావులున్నాయత్తా. ఫిట్టరు గూడా కూలోడే, చట్టం ఆయనకూ ఉంది. మాతోపాటు పేరు రాస్తే, సావుకారు మాట మీద గడియ పెట్టినా, ఇంక పెట్టను అని ఆయనే సెప్పుకోవచ్చు. రాయకుంటే ఆ మాట నేను సెప్తా. రేపు పొద్దున జయరాజు సారు బయలుదేరేదాకా టైముంది." ఇది అత్తతో చెప్పింది. చూపు మాత్రం భర్త మీదే ఉంది.

నరసప్ప ముద్ద కలిపినాడు. కలుపుతూనే ఉన్నాడు. తర్వాత పళ్లెంలోకి చూస్తూనే అన్నాడు.

"సావుకారు పేర్లు అడిగినాడు. ఎవరెవరు ఏసినారో ఈ పొద్దు దీపాలు పెట్టేలోపల తెమ్మన్నాడు. నన్నే."

"ఎప్పుడు?"

"నిన్న."

"నువ్వేమంటివి?"

"తెస్తానంటి."

పార్వతమ్మ మనసులో లెక్క పెట్టింది. పద్దెనిమిది మంది. భీమమ్మ ఎడమచేతి ముద్ర. తాను రాసింది చూసి, తన ధైర్యం చూసి వచ్చి వేసిన ఆరుగురు. ఇంట్లో చెప్పిన తర్వాతే రేపు నోరు విప్పాలని ఆమె అనుకున్నది మర్యాదకు. ఇప్పుడు ఆ మర్యాదకు వాళ్లు పని పోగొట్టుకుంటారు. జయరాజు ఇంటికి పరుగెత్తినా లాభం లేదు. వీధివీధీ తిరిగి ఎవరు వేసినారో కనుక్కోవడం ఫిట్టరుకు గంట పని. అతను అడిగితే ఆడవాళ్లు సంతోషంగా చెబుతారు. తాళం సంగతి తాను చెప్పలేదు కాబట్టి వాళ్లకు అతను ఇంకా తలుపు తెరిచినవాడే.

"అట్లయితే ఒక పేరు తీసుకపో," అన్నది. "నాది. కాగితం రాయించింది, అందర్నీ కూడగట్టింది ఫిట్టరు పెండ్లాం పార్వతమ్మేనని సెప్పు. ఇంకెవరూ లేరని సెప్పు. తెస్తానన్న మాట నిలబెట్టుకున్నట్టయితాది."

ఒక్క పేరును కాచే చట్టం లేదని ఆమెకు తెలుసు. నరసప్పకూ అది ముత్తమ్మ సంగతిలో కళ్లారా చూసి తెలుసు. అతను మొదటిసారి తలెత్తి భార్య మొహం చూసినాడు. తర్వాత కలిపిన ముద్ద తినకుండానే చెయ్యి కడుక్కొని, చొక్కా వేసుకొని, వాకిలి దాటినాడు.

పార్వతమ్మ కదలలేదు. బసమ్మ లేచి గడప దగ్గరికి పోయి తల బయట పెట్టింది. వీధి చివర ఎడమకు తిరిగితే మిల్లు. కుడికి తిరిగితే ముత్తమ్మ ఇల్లు.

"యా పక్క పోయినాడత్తా?"

బసమ్మ ద్వారబంధాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఎండకు కళ్లు చికిలించి చూస్తూ ఉంది.

"పోలేదు," అన్నది చివరికి, వెనక్కి తిరగకుండా. "మలుపుకాడ నిలబడినాడు."